రాగి రేకు మీద థయాల్ పొర వేయడం ఎలా?

బుడితి ఇత్తడి కొన్నవాళ్ల బాధ తెలిసిందే: చింతపండుతో ఎంత తోమినా కొన్నాళ్లకు మెరుపు పోతుంది. థయాల్ అనే రసాయనంతో గాలికీ లోహానికీ మధ్య ఒకే ఒక్క అణువు మందం పొర అడ్డు పెట్టొచ్చు. వంటపాత్రలకు వద్దు, శ్రీకాకుళంలో మీ కాలేజీ ల్యాబ్‌లో, మాస్టారి ఎదుట, చిన్న రాగి రేకు మీద చేయండి.

థయాల్ అణువుకు ఒక కొసన సల్ఫర్, మిగతాది పొడవాటి కార్బన్ గొలుసు. సల్ఫర్ లోహాన్ని పట్టుకుంటే గొలుసులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. బంగారం మీదైతే నిలువు నుంచి సుమారు 30 డిగ్రీలు వాలి ఉంటాయి. 1983లో నజ్జో, అల్లారా అనే శాస్త్రవేత్తలు బంగారం మీదే ఇలాంటి పొర వేసి చూపించారు. మన బడ్జెట్‌కి రాగి చాలు.

ముందు ద్రావణం. 14.3 మిల్లీగ్రాముల ఆక్టాడెకేన్‌థయాల్‌ని (18 కార్బన్ల గొలుసున్న థయాల్) 50 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగిస్తే 1 మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వెయ్యోవంతు) ద్రావణం అవుతుంది. ఈ థయాల్ గడ్డ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగి ద్రవమవుతుంది. వేసవిలో సీసాలో ద్రవంగా కనిపిస్తే పాడైందని పారేయకండి.

అసలు పనంతా రేకు శుభ్రం చేయడంలోనే ఉంది. అసిటోన్‌తో జిడ్డు వదిలించండి. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, ఫ్యూమ్ హుడ్‌లో (ఘాటు వాయువుల్ని బయటికి లాగేసే ల్యాబ్ అర), పలచని నైట్రిక్ ఆమ్లంలో కాసేపు ముంచండి. నల్లటి ఆక్సైడ్ పోయి లేత గులాబీ రంగు రాగి బయటపడుతుంది. తర్వాత నీళ్లతో బాగా కడగండి. నైట్రిక్ ఆమ్లం, ఇథనాల్ కలిస్తే ప్రమాదం, కాబట్టి ఈ కడుగుడులో బద్ధకం పనికిరాదు. ఆపై ఇథనాల్‌తో ఒకసారి కడిగి వెంటనే ద్రావణంలో వేయండి. మన సముద్రగాలి తేమకు ఆలస్యం చేస్తే మళ్లీ ఆక్సైడ్ పడుతుంది. ఫోన్ మోగినా ఎత్తకండి.

మూత పెట్టి గంటసేపు కదపకండి. అణువులు మొదటి నిమిషాల్లోనే చాలావరకు అంటుకుంటాయి. వరుసగా సర్దుకోవడానికే టైమ్ కావాలి. అందుకే బంగారాన్ని రాత్రంతా ఉంచుతారు. రాగినైతే ద్రావణంలోని ఆక్సిజన్ చెడగొడుతుంది, అంతసేపు వద్దు. బయటికి తీశాక ఇథనాల్‌తో కడిగి ఆరబెట్టండి.

పొర పడిందా? పొర లేని రేకు పక్కన పెట్టి రెండింటి మీదా ఒక్కో నీటిచుక్క వేయండి. మామూలు రేకు మీద చుక్క పరుచుకుంటుంది, పొర ఉన్నదాని మీద ఉబ్బి నిలబడుతుంది. పక్కనుంచి ఫొటో తీసి, చుక్క రేకును తాకే చోట నీటి లోపలి వైపు కోణం కొలవండి. 110 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే బాగా పడినట్టే. 90 కూడా రాకపోతే జిడ్డు మిగిలిందనే నా అనుమానం.

ఆక్టాడెకేన్‌థయాల్ కంపు తక్కువ. చిన్న గొలుసు థయాల్స్ అలా కాదు. గ్యాస్ లీకైతే తెలియాలని సిలిండర్లో కలిపేది ఆ రకమే. మిగిలిన ద్రావణాన్ని సింక్‌లో పోయకుండా వేస్ట్ డబ్బాలో వేయండి. గాజుసామాను నీళ్లతో కడిగి, బ్లీచ్‌లో నానబెడితే వాసన పోతుంది. ఆమ్లం బీకరును మాత్రం ఆ బ్లీచ్ దరికి రానీయకండి, క్లోరిన్ వస్తుంది.