పాత జీపు ఇంజన్ పోకుండా: ముందు రేడియేటర్ చూడండి

బెంగళూరులో తిరిగే పాత మహీంద్రా ఎంఎం540, మారుతి జిప్సీ జీపులకు ఇంజన్ పని పడిందంటే చాలాసార్లు అసలు దోషి వేడి. ఆ వేడికి మూలం రేడియేటర్‌లో పోసే బోరు నీళ్లు. వాటర్ హీటర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునే సున్నమే రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజన్ బ్లాకు లోపలా పేరుకుంటుంది. హైవే మీద ఎదురుగాలి కాపాడేస్తుంది కాబట్టి తెలియదు. లో రేంజ్‌లో (బండి మెల్లగా, ఎక్కువ బలంతో నడిచే గేరులో) రాళ్లెక్కేటప్పుడు మాత్రం గాలి మొత్తం ఫ్యానే లాగాలి, బండారం అక్కడ బయటపడుతుంది.

బండి బాగా వేడెక్కాక ఇంజన్ ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ కోర్ అంతా చూడండి. మధ్యలో చల్లటి చోట్లు తగిలితే అక్కడ గొట్టాలు మూసుకుపోయినట్టే. బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డుకెళ్లి కొత్తది కొనేముందు ఆగండి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌కు ట్యాంకు టంకం విప్పించి రాడింగ్ (గొట్టాల్లో సన్నటి కమ్మీ దూర్చి శుభ్రం చేయడం) చేయిస్తే చాలా వరకు దారికొస్తుంది.

కూలెంట్ మార్చేటప్పుడు, ఇంజన్ చల్లారాక, రేడియేటర్‌తో పాటు బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ప్లగ్ కూడా విప్పించండి. దాన్ని చాలామంది ముట్టుకోరు, మడ్డి ఉండేదేమో అక్కడే. తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, కాన్సంట్రేట్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోతే మూత మార్చాల్సిందే. 900 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్లో నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. లోపల ఒత్తిడి నిలిపే 0.9 బార్ మూత సరిగ్గా పట్టి ఉంటే ఆ హద్దు 117 దాకా వెళ్తుంది. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు సార్" అని, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని ఆ వాల్వును తీసేయబోయే మెకానిక్ మాట వినకండి. ఇంజన్ ఎప్పుడూ చల్లగా నడిస్తే సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి.

అయినా ఆవిరి కక్కిందా, ఇంజన్ ఆపేయండి. అరగంట దాకా మూత జోలికి పోవద్దు. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు కొడితే హెడ్ (సిలిండర్ల పై భాగం) పగలొచ్చు. పూర్తిగా చల్లారాక మూత తీసి, నీళ్లు నింపి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్ పోయినట్టే అనుకోండి.

రెండో శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ కొత్తదే ఉంటుంది, దాని వెనక గొట్టం మాత్రం క్లిప్పు దగ్గర చీలి ఉంటుంది. గొట్టం ఊడదీసి లోపల వేలితో తుడవండి. ఎర్రమట్టి అంటితే ఆ దుమ్ము పిస్టన్ రింగుల్ని తినేస్తున్నట్టే. ఐడిల్‌లో ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుతోందంటే రింగుల పని అయిపోయింది.

ఆయిల్ మాక్స్ గీతకు తగ్గనివ్వకండి, మించి పోయనూ వద్దు. నిట్టనిలువు ఎక్కుడులో ఆయిల్ ఒక మూలకు చేరి, పంపు గాలి పీలుస్తుంది. ఆయిల్ ప్రెషర్ లైటు మిణుకుమంటే అక్కడే ఆపండి.

ఇక నీళ్లు. అందుకు వాగే అక్కర్లేదు, 2022 సెప్టెంబరులో బెళ్లందూరు రోడ్లే చాలాయి. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్‌లో చేరిన నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బండిని బయటికి లాగి, పెట్రోలుకు స్పార్క్ ప్లగ్గులు, డీజిలుకు గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో తీసి, క్రాంక్ పుల్లీని స్పానర్‌తో తిప్పి నీళ్లు కక్కించండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే, ఆయిలూ ఫిల్టరూ మార్చకుండా స్టార్ట్ చేయకండి.