అండమాన్ పోతున్నరా? బాయిల ఈత ఇంట్లనే పెట్టి పోండి

మా బావమరిది పోయిన నెల అండమాన్ల నీల్ ఐలాండ్ కాడ స్నార్కెలింగ్ (మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకొని నీళ్ల మీద తేలుకుంట కిందికి చూసుడు) చేస్తుంటే సముద్రంల మునగబోయి బతికిండు. ఎండకాలమంతా మోటబాయిల దుంకుకుంట పెరిగినోడు, ఈత రానోడు కాదు. ఈత వచ్చుడే వాని కొంప ముంచింది. సంక్రాంతి సెలవులకు మా కాలనీల మూడు కుటుంబాలు అండమాన్ టికెట్లు తీసుకున్నయి, అందుకే ఇది రాస్తున్న. చల్లద్దాలు, టోపీ, సన్‌స్క్రీన్ సంగతి మీకు చెప్పేదేం లేదు.

ఆ రోజు పడవాయన "కఛువా, కఛువా" అని కిందికి చూపెట్టిండట. పెద్ద తాబేలు, సముద్రపు గడ్డి మేస్తున్నది, బర్రె మేసినట్టే తల ఎత్తకుంట. మావోడు ఫొటోల మంచిగ పడాలని లైఫ్ జాకెట్ బకిల్స్ పటపట ఇప్పి పడవల పారేసిండు. "నాకు ఈతొస్తది" అన్నడు. ముఖం నీళ్లల్ల పెట్టి దాని వెంబడి పోయిండు. తల ఎత్తి చూసేసరికి పడవ అగ్గిపెట్టెంత కనిపించింది. భయానికి నోరు తెరిచిండు, గొట్టంలకెళ్లి ఉప్పునీళ్లు గొంతులకు పోయినయి. గైడు రింగు తీస్కొని ఈదుకుంట పోయి లాక్కొచ్చిండు.

బాయిల నాలుగు బారలేస్తే గడ్డ దొరుకుతది. మెట్టు దొరుకుతది, ఏం లేకుంటే మోటరు పైపన్న దొరుకుతది. సముద్రంల పట్టుకునేతందుకు ఏం ఉండదు. పైగా నీళ్లు ఒక్కకాడ ఆగవు, ఆటుపోట్లకు జరుగుతనే ఉంటయి. మీరు కిందికే చూస్తుంటరు, తాబేలూ కదులుతుంటది, అందుకే కొట్టుకపోతున్నట్టు తెల్వదు. ఈత రానోళ్లు భయంతోని జాకెట్ గట్టిగ కట్టుకొని గైడు చెయ్యి ఇడువరు. ఇప్పేది ఎప్పుడూ ఈతగాళ్లే. ఇప్పకండి.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు కాడ గోదాట్ల బోటు మునిగి మనోళ్లు పోయినప్పుడు మన వరంగల్ కాడి కడిపికొండ ఎట్ల ఏడ్చిందో ఈడ అందరికీ యాదికుంటది. అండమాన్లనే 2014 జనవరి 26న విహారపడవ మునిగి 20 మందికి పైగా పోయిన్రు. దాంట్ల పరిమితికి మించి ఎక్కిచ్చిన్రు. పడవ మీద రాసిన సంఖ్య సదవండి, తలకాయలు లెక్కపెట్టండి. ఎక్కువుంటే దిగిపోండి, పైసలు పోతే పోనియ్యండి.

జాకెట్ తొడిగినంక ఒకరి భుజాల కాడ ఇంకొకరు పట్టి పైకి గుంజి చూడాలె. చెవుల దాక లేస్తే అది వదులు, నీళ్లల్ల మనిషి కిందికి జారుతడు. పిల్లలకు పెద్దోళ్ల జాకెట్ తొడిగి "ఏం కాదులే" అనే నాయినలను నేను చూసిన. కాళ్ల నడుమకెళ్లి కట్టే పట్టీ ఉన్నదే అడగండి.

తాబేలంటే నిదానం అనుకుంటరు. కుందేలు కథ నీళ్లల్ల చెల్లదు, దాన్ని మీరు అందుకోలేరు. అదీ మన లెక్కనే గాలి పీల్చేతందుకు పైకి రావాలె. పదిమంది మీద గుమికూడితే దానికి తొవ్వ దొరకదు. 1972 వన్యప్రాణి చట్టంల పులి ఏ షెడ్యూల్ల ఉన్నదో ఇదీ అండ్లనే ఉన్నది. చెయ్యి పెట్టకండి. ఎంబడి పోకండి. జాకెట్ ఇప్పకండి.

మాస్కు, గొట్టం ఆడ మొదటిసారి చూసుడు కాదు, పోయేముందు హన్మకొండల ఏదన్న స్విమ్మింగ్ పూల్ల రెండుసార్లు నోటితోని ఊపిరి తీసుడు అలవాటు చేసుకోండి. గొట్టంల నీళ్లొస్తే ఫూ అని గట్టిగ ఊదాలె. మీసాలోళ్లకు మాస్కు అంచుకెళ్లి నీళ్లు కారుతయి, పై పెదవి మీదికెళ్లి ఇంత వాసిలిన్ రాయండి.

వాంతుల గోలి పడవ ఎక్కినంక కాదు, గంట ముందు. పొద్దున్నే హోటల్ పూరీలు దట్టించి రాకండి. బీపీ, ఆయాసం ఉన్నోళ్లు డాక్టరును అడగకుంట నీళ్లల్లకు దిగొద్దు. రాత్రి తాగినోళ్లు తెల్లారి గట్టు మీదనే కూసోండి.

తాబేలు అనంగనే అందరూ ఒక్క దిక్కుకు ఉరకకండి, పడవ ఒరుగుతది. కూసున్నకాడనే కూసోండి. చీర, చున్నీ ఒద్దు. వీపు నిండ చొక్కా ఉండాలె, గంటసేపు బోర్ల పడుకునేది మీరే. పగడం మీద నిలవడొద్దు, ముక్క తెంపొద్దు, సంచిల పెట్టుకొస్తే విమానాశ్రయంల పట్టుకుంటరు. మొసలి బోర్డు ఉన్నకాడ దిగొద్దు. 2010ల అండమాన్లనే హావ్‌లాక్ దీవి కాడ స్నార్కెలింగ్ చేస్తున్న ఒకామెను మొసలి చంపింది. స్కూబా (గాలి సిలిండర్ కట్టుకొని లోతుకు మునుగుడు) కూడ చేస్తే 18 గంటల దాక విమానం ఎక్కొద్దు, ఒంట్ల చేరిన నైట్రోజన్ పోవాలె. కొట్టుకపోతే ఎదురీదొద్దు. వెల్లకిల తేలి ఒక చెయ్యి లేపండి, జాకెట్‌కున్న ఈల ఊదండి. గైడుకు రెండు బారల అవతలికి పోవద్దు. ఒక్కరే దిగొద్దు. సెల్ఫీ కర్ర పడవలనే ఇడిసిపెట్టండి. జాకెట్ ఇప్పొద్దు.

ఉక్కపోసినా, ఫొటోల లావుగ కనపడ్డా, "అన్నా ఇంక ఒడ్డు వచ్చింది గద" అన్నా ఇప్పొద్దు. జెట్టీ సిమెంటు మీద రెండు కాళ్లు పడ్డంక ఇప్పండి.