జాతీయ జంతుశాస్త్ర సంఘానికి ఏడాది కార్యక్రమాల పట్టిక వేసుకునే విధానం

కొత్త కార్యవర్గం బాధ్యతలు చేపట్టగానే సాధారణంగా మొదట జరిగే పని వార్షిక సదస్సుకు తేదీ ఖరారు చేసి, హాలు మాట్లాడటం. ఆ తర్వాత మిగిలిన నెలల్లో వీలున్నచోట ఒక ఉపన్యాసం, ఒక పర్యటన, ఒక శిక్షణ శిబిరం సర్దుతారు. ఈ క్రమం తిరగబడాలన్నది నా దృఢమైన అభిప్రాయం. జంతువుల సంవత్సరం మొదట రావాలి, పత్రిక అచ్చు తేదీలు రెండవది కావాలి, సమావేశాలు ఆ రెండింటి నడుమ కుదురుకోవాలి. సదస్సును నెల రోజులు వెనక్కి జరపవచ్చు గాని, తొలి వానల తర్వాత కొద్ది రాత్రులు మాత్రమే బయటికి వచ్చి గుడ్లు పెట్టి మళ్లీ నేలలోకి వెళ్లిపోయే కప్పల కాలాన్ని జరపలేము.

అందువల్ల ఏడాది మొదలవడానికి కనీసం మూడు నెలల ముందే ప్రాంతీయ శాఖలన్నింటికీ లేఖ రాయండి. తమ ప్రాంతంలో ఏ జంతువు ఎప్పుడు జత కడుతుంది, వలస పక్షులు ఏ వారంలో దిగుతాయి, ఏ వాగు ఎప్పుడు ఎండిపోతుంది అన్న వివరాలను తేదీల అంచనాతో సహా అడగండి. దేశానికి ఒక కొసన ఉన్న రుతువు మరో కొసకు కొన్ని వారాలు ఆలస్యంగా చేరవచ్చు గనుక కేంద్ర కార్యాలయంలో కూర్చుని వేసిన పట్టిక సగం శాఖలకు పనికిరాదు. ఈ వివరాలన్నీ ఒకే పెద్ద కాగితం మీదికి ఎక్కించిన తర్వాత, ప్రపంచమంతటా స్థిరపడిన తేదీలను వాటి పక్కన రాసుకోండి. అంతర్జాతీయ నీటిపక్షుల గణన జనవరి మధ్యలో జరుగుతుంది, ప్రపంచ వన్యప్రాణి దినోత్సవం మార్చి 3న, అంతర్జాతీయ జీవవైవిధ్య దినోత్సవం మే 22న, ప్రపంచ వలస పక్షుల దినోత్సవం మే, అక్టోబరు నెలల రెండవ శనివారాల్లో వస్తాయి. ప్రజలను, ముఖ్యంగా పిల్లలను సంఘానికి దగ్గర చేయడానికి ఈ రోజులు ఎంతో అక్కరకు వస్తాయి. అయితే ఊరేగింపు చేసి ఫొటో దిగినంత మాత్రాన పని అయినట్లు కాదు. అదే రోజున సభ్యులు ఒక చెరువు దగ్గర రెండు గంటలు కూర్చుని పక్షులను లెక్కించి, ఆ లెక్కను నమోదు చేస్తే, ఇరవై ఏళ్ల తర్వాత కూడా దానికి విలువ ఉంటుంది.

క్షేత్ర పర్యటనల విషయంలో ఆలస్యమంతా అనుమతుల దగ్గరే జరుగుతుంది. అటవీ ప్రాంతంలో ప్రవేశానికి, నమూనాల సేకరణకు, జంతువులను అనవసరంగా బాధించకుండా పనిచేస్తామన్న హామీపై నైతిక కమిటీ ఆమోదానికి వేర్వేరు దరఖాస్తులు అవసరం కావచ్చు. నమూనాలు దేశ సరిహద్దు దాటవలసి వస్తే అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే, 1975 నుండి అమలులో ఉన్న సైటీస్ ఒప్పందం, జన్యు వనరులకు సంబంధించి 2014లో అమలులోకి వచ్చిన నగోయా ఒడంబడిక కూడా చూసుకోవాలి. ఈ పనంతా ఒక్క సభ్యుడికి అప్పగించి, కదలవలసిన రోజుకు ఆరు నెలల ముందు నుండే అతడిని పని మొదలుపెట్టమనండి.

వెళ్లే బృందానికి బయలుదేరే ముందు ఒక పూట శిక్షణ తప్పనిసరి. అందులో ఎక్కువ సమయం లేబుల్ రాయడానికి కేటాయించాలి. స్థలం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుండి ఎత్తు, తేదీ, పరిసరాల స్వభావం, పట్టుకున్న పద్ధతి, సేకరించినవారి పేరు అన్నీ అందులో ఉండాలి. నెలను అంకెల్లో కాక అక్షరాల్లో రాయాలి, ఎందుకంటే 4-7 అని రాస్తే అది ఏప్రిల్ ఏడో, జూలై నాలుగో పదేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. మందపాటి మంచి కాగితం మీద పెన్సిల్‌తో రాసి, సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, సీసా బయట అంటించిన చీటీ కొన్నాళ్లకు ఊడిపోతుంది. డీఎన్‌ఏ పరీక్షకు కావలసిన చిన్న కండరపు ముక్కను ముందుగానే తీసి 95 శాతం ఆల్కహాల్‌లో ఉంచి, ఆ తర్వాతనే శరీరాన్ని ఫార్మలిన్‌లో పెట్టాలి. ఫార్మలిన్ తగిలిన కణజాలంలో డీఎన్‌ఏ దెబ్బతింటుంది. కొద్ది రోజుల తర్వాత నమూనాను నీటిలో కడిగి 70 శాతం ఆల్కహాల్‌కు మార్చి, ఆ సీజన్ ముగిసేలోగా మ్యూజియానికి అప్పగించాలి. సభ్యుడి ఇంటి అలమారలో ఉన్న సీసా శాస్త్రానికి అందిన నమూనా కాదు.

లేబుల్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 1826లో ఏర్పడిన లండన్ జంతుశాస్త్ర సంఘానికి 1837 జనవరిలో డార్విన్ తన బీగిల్ ఓడ ప్రయాణంలో సేకరించిన పక్షులను, క్షీరదాలను అప్పగించాడు. వారం తిరగకుండానే, జనవరి 10న జరిగిన సమావేశంలో, పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ గలాపగోస్ దీవుల పక్షులు కొన్నింటిని బల్ల మీద పెట్టి, వేర్వేరు కుటుంబాలవిగా అనుకున్నవన్నీ నిజానికి ఒకే గుంపుకు చెందిన వేర్వేరు జాతుల ఫించ్ పక్షులని తేల్చి చెప్పాడు. అయితే ఏ ఫించ్ ఏ దీవిదో డార్విన్ చాలావరకు విడివిడిగా రాసిపెట్టుకోలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఓడలో తనతో ప్రయాణించిన కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ మొదలైన వారి సేకరణలను వెతకవలసి వచ్చింది.

ఆ సమావేశంలో మనకు మరో పాఠం కూడా ఉంది. నెలవారీ సమావేశమంటే గంటసేపు ఉపన్యాసం, పదినిమిషాల ప్రశ్నలు, టీ అన్న పద్ధతికి మనం అలవాటుపడ్డాం. ప్రతి సమావేశంలోనూ మొదటి అరగంట నమూనాల బల్లకు వదలండి. ఎవరైనా సరే ఒక నత్తగుల్లనో, ఒక ఈకనో, గుర్తుతెలియని పురుగు ఫొటోనో తెచ్చి చూపవచ్చునని ముందుగానే ప్రకటించండి. ఎవరు ఏమి చూపారో, ఎవరు ఏమని గుర్తించారో మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. ఉపన్యాసాలకు రావడానికి జంకే యువ సభ్యులు ఈ బల్ల దగ్గర చనువుగా నిలబడి మాట్లాడతారు.

పత్రిక సంగతికి వస్తే, తేదీలను వెనక నుండి లెక్కపెట్టాలి. డిసెంబరు సంచిక డిసెంబరులోనే రావాలంటే అచ్చుకూర్పుకు, ప్రూఫులకు రెండు నెలలు, రచయితల సవరణలకు నెలన్నర, సమీక్షకులకు రెండు నెలలు, మధ్యలో జరిగే జాప్యానికి మరో నెల వదలాలి. అంటే వ్యాసాలు మే చివరికల్లా చేతిలో ఉండాలి. పాత సంచిక బాకీ తీర్చడానికి వెనకటి తేదీ వేసి అచ్చు వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. కొత్త జాతికి పెట్టిన పేరుకు ప్రాధాన్యం నిర్ణయించేది అది నిజంగా ప్రచురితమైన తేదీయే గాని, సమావేశంలో చదివిన తేదీ కాదు, అట్ట మీద వేసిన తప్పుడు తేదీ అంతకంటే కాదు. 2000 జనవరి 1 నుండి అమలులో ఉన్న జంతు నామకరణ నియమావళి నాలుగవ కూర్పు ప్రకారం, కొత్త జాతిని వర్ణించే వ్యాసంలో ఆ పేరుకు ఆధారంగా నిలిచే ప్రామాణిక నమూనా ఏదో, దాన్ని ఏ సేకరణలో భద్రపరుస్తారో స్పష్టంగా చెప్పాలి. ఎలక్ట్రానిక్ రూపంలో మాత్రమే వెలువడే సంచికను జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక అయిన జూబ్యాంక్‌లో ముందుగా నమోదు చేసి, ఆ విషయాన్ని సంచికలోనే పేర్కొనకపోతే అందులోని కొత్త పేర్లు చెల్లవు. ఈ రెండింటినీ సరిచూసే బాధ్యతను సంపాదకవర్గంలో ఒకరికి ప్రత్యేకంగా అప్పగించండి.

విద్యార్థులకిచ్చే పరిశోధన సహాయం చిన్న మొత్తమైనా, పని సీజన్‌కు ముందే చేతికందాలి. కప్పల మీద పనిచేసే విద్యార్థికి వానలు వెలిసిన తర్వాత డబ్బు పంపడం వల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు. సేకరించిన సమాచారాన్ని జీబీఐఎఫ్ వంటి బహిరంగ జీవవైవిధ్య సమాచార భాండాగారంలో ఉంచాలన్న షరతును మంజూరు లేఖలోనే రాయండి.

వార్షిక సదస్సు, సర్వసభ్య సమావేశం క్షేత్రకాలం ముగిశాక, పరీక్షలు లేని వారంలో పెట్టుకుంటే చాలు. నోటీసు గడువు, కోరం, ఎన్నికల పద్ధతి సంఘం నిబంధనల్లోనే ఉంటాయి. ఆడిట్ అయిన లెక్కలు సభ్యులకు ముందుగా అందాలి. ఒక్క విషయం మాత్రం పట్టుబట్టి చేయండి: విద్యార్థుల పత్రాలను చివరి రోజు సాయంత్రం ఖాళీ కుర్చీల ముందు కాకుండా, మొదటి రోజు ఉదయం హాలు నిండుగా ఉన్నప్పుడు చదివించండి.

వార్షిక నివేదికలో ఎన్ని సభలు జరిగాయన్నది ఒక పేరాలో ముగించి, మ్యూజియంలో చేరిన నమూనాల సంఖ్య, నమోదైన గణనలు, ప్రచురితమైన వ్యాసాలు, సహాయం పొందిన విద్యార్థుల పని వివరంగా రాయండి. ఇంకా గుర్తించని నమూనాలు, సమీక్షలో ఆగిపోయిన వ్యాసాలు, రాని అనుమతులు ఒక్కొక్కటీ ఎవరి చేతిలో ఉన్నాయో పేరుతో సహా చివరి పుటలో వేయండి. వచ్చే ఏడాదికి శాఖలకు రాసే లేఖతోపాటు ఆ పుట ప్రతిని కూడా జతచేయండి.