ఇంటి నుంచే దుకాణం – 4వ పాఠం: ధర కట్టడం, పార్శిల్ కట్టడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీరు అమ్మాలనుకున్న తినే వస్తువుని పది మందికి యాభై గ్రాముల చొప్పున రుచి చూపించి, ఎవరేమన్నారో నోటుబుక్కులో రాసుకోమన్నాను. అందులో "బాగుంది" అన్నవాళ్ళని లెక్కలోకి తీసుకోకండి. ఊరికే పెడితే ఎవరైనా బాగుందనే అంటారు. "మళ్ళీ ఎప్పుడు చేస్తావు?", "అర కిలో ఎంత?" అన్నవాళ్ళ పేర్ల పక్కన టిక్ పెట్టండి. అలాంటివాళ్ళు ముగ్గురుంటే ఈ పాఠంలోకి రావచ్చు. ఒక్కరూ లేకపోతే మూడో పాఠానికి వెనక్కి వెళ్ళి వస్తువు మార్చండి. అందులో చిన్నతనమేమీ లేదు. కందిపొడి దగ్గర కుదురుకునేలోపు నేనూ రెండు రకాల పొడులు వదిలేశాను.

చాలామంది ఈపాటికి వెబ్‌సైట్ గురించి అడుగుతారు. ఇప్పుడే వద్దు. మొదటి యాభై ఆర్డర్లకి వాట్సాప్ బిజినెస్ యాప్, యూపీఐ ఉంటే సరిపోతుంది. ఆ యాప్‌కి డబ్బు కట్టక్కర్లేదు, వస్తువుల ఫోటోలు, ధరలు పెట్టుకోవడానికి అందులో కేటలాగ్ కూడా ఉంటుంది. లోగో కోసం రాత్రుళ్ళు మేలుకునే టైమ్‌లో ఈ కింది లెక్క వేసుకోండి.

నా మొదటి నెల లెక్క చెప్తాను. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు, ఒక మిక్సీ. పావు కిలో కందిపొడి ప్యాకెట్ 80 రూపాయలకి అమ్మాను. సరుకులకి 50 అయింది, మిగతా 30 లాభమే అనుకున్నాను. నెలాఖరుకి చూస్తే పర్సులో డబ్బు పెరగలేదు సరికదా, కిరాణా కొట్టులో బాకీ మిగిలింది.

ఎక్కడ పోయిందో చూద్దాం. ఇక్కడి ధరలు లెక్క అర్థం కావడానికి మాత్రమే, మీ కొట్టు చీటీ పక్కన పెట్టుకుని అంకెలు మార్చుకోండి. కందిపప్పు కిలో 160, పుట్నాలు అర కిలో 70, ఎండుమిర్చి 200 గ్రాములు 60, జీలకర్ర 100 గ్రాములు 40, ఉప్పూ ఇంగువా కలిపి 20. మొత్తం 350 రూపాయలు. ముడి సరుకు దాదాపు కిలో తొమ్మిది వందల గ్రాములు. కానీ వేయించాక తగ్గింది కొంత, మిక్సీకి అంటుకుంది కొంత, మా వారు వేడి అన్నంలో కలుపుకున్నది కొంత పోగా చేతికొచ్చింది కిలో ముప్పావు. అంటే ఏడు ప్యాకెట్లు. ఒక్కోదానికి సరుకు ఖర్చు 50. ఇంతవరకు నా లెక్క కరెక్టే.

గ్యాస్, కరెంటు కలిపి ప్యాకెట్‌కి 4, జిప్ కవరు, లేబుల్ కలిపి 9 అయ్యాయి. ఇప్పటికి 63. అంటే 80కి అమ్మితే మిగిలేది 17, ఏడు ప్యాకెట్లకి 119. వేయించడం, చల్లార్చడం, పట్టడం, తూచడం, అతికించడం అన్నీ కలిపి నాకు మూడు గంటలు పట్టింది. గంటకి నలభై కూడా గిట్టలేదు! దానికి తోడు చైతన్యపురిలో, ఉప్పల్‌లో ఉన్నవాళ్ళకి "డెలివరీ ఫ్రీ" అని ధైర్యంగా ఒప్పుకుని, బైక్ మీద పంపడానికి ప్యాకెట్‌కి అరవై చొప్పున నేనే పెట్టుకున్నాను. అంటే ఆ ప్యాకెట్ల మీద ఒక్కోదానికి 43 రూపాయలు ఎదురిచ్చి మరీ అమ్మాను.

సరైన లెక్క ఇలా ఉండాలి. మీ కష్టానికి గంటకింత అని ముందే రాసుకోండి. మీ వీధిలో వంటమనిషికి ఎంతిస్తారో అడిగితే ఒక అంకె దొరుకుతుంది. నేను గంటకి 70 వేసుకున్నాను. మూడు గంటలకి 210, ప్యాకెట్‌కి 30. ఇది లాభం కాదు, కూలి. రేపు ఆర్డర్లు పెరిగి పనికి ఒక మనిషిని పెట్టుకుంటే ఆ డబ్బు ఇక్కడి నుంచే రావాలి. మాడిపోయేది, చిరిగిపోయేది, శాంపిల్‌గా ఇచ్చేది కలిపి ఇంకో 7. మొత్తం వంద. దాని మీద 40 లాభం వేసుకుని 140 అని రాశాను. డెలివరీ వేరు.

రాయడం తేలికే, చెప్పడమే కష్టం. ఇంటి వ్యాపారాలు రుచి బాగాలేక మూతపడటం నేను తక్కువే చూశాను, మొహమాటంతో మూతపడటం మాత్రం చాలా చూశాను. మొహమాటం మీద మనకొక సామెత ఉంది, పూర్తిగా రాయను కానీ మీకు తెలిసిందే. మా పిన్ని ఫోన్ చేసి "మనలో మనకి లెక్కలేంటే, ఓ కిలో పంపించు" అంది. గొంతు పెగలడానికి నాకు అర నిమిషం పట్టింది. "పిన్నీ, పండక్కి నీకో ప్యాకెట్ ఊరికే పంపిస్తా. ఇది మాత్రం దుకాణం, కిలోకి 560 అవుతుంది" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో నలుగురి ఆర్డర్లు కలిపి పంపింది.

అందుకే ధర అద్దం ముందు నిలబడి పైకి చెప్పండి. "నూట నలభై అండి" అని అక్కడితో ఆపేయాలి. "కందిపప్పు రేటు పెరిగింది కదండీ, అందుకని..." అంటూ సంజాయిషీ మొదలుపెట్టారంటే బేరం మీరే పిలిచినట్టు.

ఇక పార్శిల్. కవర్లు, డబ్బాలు చిల్లరగా కొనకండి. కోఠిలో దిగి బేగంబజార్ వెళ్ళండి, ప్యాకింగ్ సామాను హోల్‌సేల్‌గా దొరుకుతుంది. మొదటిసారి వంద కవర్లకి మించి తీసుకోవద్దు, సైజు కుదరకపోతే అటక మీదకే చేరతాయి.

ముఖ్యమైన విషయం: చాలా కొరియర్లు బరువు ఒక్కటే చూడవు, డబ్బా ఆక్రమించే చోటు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన కిలోలు అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే బిల్లు వేస్తారు. 30, 20, 15 సెంటీమీటర్ల డబ్బాలో అర కిలో పొడి పెట్టారనుకోండి: 9000ని 5000తో భాగిస్తే 1.8 కిలోలు. మీరు పంపింది పొడి, డబ్బు కట్టింది గాలికి. అదే 20, 15, 10 డబ్బా అయితే 0.6 కిలోలే. గాజు సీసాల జోలికి అసలు పోకండి. నేను పంపిన నువ్వుల పొడి సీసా ఒకటి దారిలో పగిలింది. కొరియర్ వాళ్ళు ప్యాకింగ్ సరిగా లేదన్నారు, డబ్బు నేనే వాపసిచ్చాను.

చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. తినేవి అమ్మితే, ఇంట్లో చేసినవైనా సరే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. వాళ్ళిచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద వేయాలి. దాంతోపాటు పదార్థాలు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, మీ పేరు, చిరునామా కూడా. నికర బరువంటే కవరు తీసేసిన బరువు.

జీఎస్టీ దగ్గర మాత్రం హైదరాబాద్‌వాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. తెలంగాణలో సరుకులమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవర్, అంటే మొత్తం అమ్మకాలు, 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ అది రాష్ట్రం లోపల అమ్మితేనే. విజయవాడలో ఉన్న అక్కయ్య స్నేహితురాలికి ఒక్క ప్యాకెట్ అమ్మినా అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే. 2014 దాకా ఒకే రాష్ట్రం కాబట్టి మనకి ఆ సంగతి తట్టదు. పన్ను పడే సరుకు బయటి రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువున్నా రిజిస్ట్రేషన్ తప్పదు. కొన్ని హస్తకళల వస్తువులకి మినహాయింపు ఉంది, పొడులకి లేదు. కాబట్టి మొదటి మూడు నెలలూ ఊళ్ళోనే అమ్మండి. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, డబ్బడిగే సైట్ కనిపిస్తే వెంటనే మూసేయండి.

డబ్బు వచ్చిందని ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే దాన్ని నమ్మకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి, ఖాతాలో పడిందని చూశాకే పార్శిల్ కదలాలి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, కొట్టమన్నారంటే మోసమే. పొరపాటు జరిగిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ వారం పని రెండే. ఒకటి, మీ వస్తువు ఒక వాయి చేసి, పైన వేసినట్టు లెక్క రాయండి, గడియారం చూసి గంటలతో సహా. రెండు, ఒక పార్శిల్ కట్టి నడుము ఎత్తు నుంచి మూడుసార్లు కింద పడేయండి. విప్పి చూడండి. పొడి కారిందంటే కవరు మార్చి మళ్ళీ పడేయండి. వచ్చే పాఠానికి ఒక తెల్ల చార్టు, వెలుతురొచ్చే కిటికీ చూసి పెట్టుకోండి, ఫోటోలు తీద్దాం.