పాలిష్ చేసినా నల్ల కారు మీద గీతలు పోవట్లేదా? ముందు మీ చేతిలో గుడ్డ చూడండి

సమస్య ఇది. నల్ల బీఎమ్‌డబ్ల్యూయో, లెక్సస్సో షెడ్డులో ఉంది. కాంపౌండ్ (గీతల్ని అరగదీసే గరుకు పాలిష్) అయింది, ఫినిషింగ్ పాలిష్ కూడా అయింది. ట్యూబ్‌లైట్ కింద కారు మెరిసిపోతోంది. ఎల్‌ఈడీ టార్చ్ వేయగానే బానెట్ నిండా వెంట్రుకంత సన్నని గీతలు. మళ్ళీ పాలిష్ కొడితే మళ్ళీ అవే గీతలు. ప్యాడ్ మారుస్తారు, పాలిష్ బ్రాండ్ మారుస్తారు, మెషీన్ స్పీడ్ పెంచి చూస్తారు, తగ్గించి చూస్తారు. ఈ లోపు క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద క్లియర్ కోట్ ఉండేదే సుమారు 40-50 మైక్రాన్లు. గట్టిగా కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ అందులో ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోతాయి. అంటే కారణం తెలియకుండా కొట్టే ప్రతి రౌండూ ఓనర్ ఖాతాలోంచి తీసే ఖర్చే.

వాష్, ఐరన్ రిమూవర్, క్లే, రబ్బరు బీడింగులకి టేపు, ఇవన్నీ చేయడం వచ్చినవాళ్ళ కోసమే ఇది. వాటి జోలికి పోవట్లేదు.

ముందు గీత ఏ రకమో తేల్చండి

మెషీన్ ఆన్ చేసే ముందు చేయాల్సిన పని, నూటికి తొంభై మంది చేయని పని ఇదే. టార్చ్‌ని బానెట్ మీద పట్టుకుని మెల్లగా పక్కకి జరపండి. వలయాల్లా కనిపిస్తున్న గీతలు టార్చ్ వెంటే జరిగితే అవి గుండ్రటి గీతలు కావు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా పడ్డ తిన్నని గీతలు. వెలుతురు వచ్చే దిక్కుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి, మిగతావి కంటికి ఆనవు. అందుకే దీపం చుట్టూ సాలెగూడు కట్టినట్టు ఉంటుంది. వీటికి పెట్టిన స్విర్ల్ (సుడి) అన్న పేరు విని "మెషీన్ తిరిగింది కాబట్టి గుండ్రంగా గీసింది" అనుకుంటారు. అక్కడే దారి తప్పుతారు.

టార్చ్ జరిపినా గీతలు ఉన్నచోటే ఉండి, మెషీన్ నడిచిన దారిలో పట్టీలు పట్టీలుగా నీడలాడుతుంటే అది హోలోగ్రామ్. రోటరీ, అంటే ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే మెషీన్, చేసిన పని. గీతలేవీ విడిగా కనపడకుండా మొత్తం మీద బూడిద రంగు మసకలా ఉంటే అది డీఏ (తిరుగుతూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషీన్) హేజ్, అంటే మెత్తటి పెయింట్‌కి ప్యాడో కాంపౌండో మరీ గరుకైంది. ఈ రెంటికీ మందు సులువే, కింద చెబుతాను.

రెండు వాష్‌లకే గీతలు తిరిగొస్తే

డెలివరీ రోజు బ్రహ్మాండంగా ఉంది, పదిహేను రోజులకి ఓనర్ ఫోన్ చేశాడు. గీతలు తిరిగి రాలేదు, అసలు పోనేలేదు. పాలిష్‌లో ఉండే నూనెలు, కొన్నిట్లో ఫిల్లర్లు గీతల్లో నిండి వాటిని దాచాయి, షాంపూకి కొట్టుకుపోయాయి. పాలిష్ అయ్యాక పానెల్ వైప్‌తో (పాలిష్ నూనెల్ని తీసేసే ద్రవం) తుడిచి, ఆ తర్వాతే టార్చ్ వేసి చూడాలని అందరికీ తెలుసు. తొందరలో అందరూ వదిలేసేదీ అదే.

రెడీమేడ్ పానెల్ వైప్ లేకపోతే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలుపుకోండి. 70 శాతం ఐపీఏ 200 మి.లీ.కి డిస్టిల్డ్ వాటర్ 730 మి.లీ. పోస్తే దాదాపు 15 శాతం వస్తుంది. 99 శాతంది అయితే 150 మి.లీ.కి నీళ్ళు 850. అంతకంటే ఘాటుగా వద్దు. ఘాటుది క్షణంలో ఆరిపోతుంది, గుడ్డ పొడి పెయింట్ మీద ఈడ్చుకుపోతుంది, అప్పుడే ఫినిష్ చేసిన మెత్తటి క్లియర్ కోట్ మీద కొత్త గీతలు పడతాయి. చేతికి రాసుకునే శానిటైజర్ అసలు వాడకండి. చాలా వాటిలో గ్లిజరిన్ ఉంటుంది, పొర మిగులుస్తుంది.

అసలు దొంగ: గుడ్డ

టార్చ్ వెంట జరిగే తిన్నని గీతలు పానెల్ వైప్ తర్వాత కూడా కనిపిస్తున్నాయి, ఎన్నిసార్లు పాలిష్ కొట్టినా అన్నే ఉంటున్నాయి అంటే మెషీన్ గీతల్ని తీసేస్తూనే ఉంది. మీరు తుడిచేటప్పుడు గుడ్డ వాటిని మళ్ళీ వేస్తోంది. మెత్తటి నలుపుల మీద ఇది మామూలే. బీఎమ్‌డబ్ల్యూ 668 జెట్ బ్లాక్, టొయోటా-లెక్సస్ 202 నలుపు ఈ విషయంలో పేరుమోసినవి. అదే గుడ్డతో తెల్ల కారు తుడిచినా గీతలు పడతాయి, కాకపోతే కనపడవు. అందుకే "ఇదే గుడ్డ నిన్న ఇంకో కారుకి వాడాం, ఏం కాలేదు" అన్న వాదన చెల్లదు.

అనుమానం తీర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. బానెట్ మీద రెండడుగుల మేర తీసుకుని మధ్యలో టేపు వేయండి. రెండు సగాలూ ఒకే ప్యాడ్, ఒకే పాలిష్, అన్నే పాస్‌లతో (మెషీన్ ఆ చోటంతా ఒకసారి తిప్పితే ఒక పాస్) ఫినిష్ చేయండి. ఎడమ సగాన్ని మీరు రోజూ వాడే గుడ్డతో బంపర్ వైపు నుంచి అద్దం వైపుకి మాత్రమే తుడవండి. కుడి సగాన్ని అదే గుడ్డతో అడ్డంగా మాత్రమే తుడవండి. టేపు తీసి టార్చ్‌ని ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి వేయండి. ఒకే వైపు నుంచి వేస్తే సగం గీతలు దాక్కుంటాయి. ఎడమన నిలువు గీతలు, కుడిన అడ్డగీతలు కనిపిస్తే ఇంక వెతకక్కర్లేదు. డీఏ మెషీన్ తిరుగుతూ ఊగుతుంది, తిన్నగా ఒకే దిక్కులో గీయడం దానికి చేతకాదు.

ఇప్పుడు అక్కడే ఇంకోసారి ఫినిష్ చేసి, ఒకసారి ఉతికి ఆరేసిన కొత్త గుడ్డతో తుడిచి చూడండి. గీతలు లేకపోతే మీ పాలిష్, ప్యాడ్, మెషీన్ అన్నీ బాగానే ఉన్నట్టు. కొత్త గుడ్డ అంటే ప్యాకెట్ లోంచి తీసిందని కాదు. ఫ్యాక్టరీ దుమ్ము, ఊడిపోయే పోగులు దానికీ ఉంటాయి.

గుడ్డ ఎందుకు పాడవుతుందంటే, మన దగ్గర మొదటి కారణం నీళ్ళు. హైదరాబాద్‌లో చాలా షెడ్లు నడిచేది బోరు నీళ్ళ మీద. ఆ నీళ్ళతో ఉతుకుతూ పోతే మైక్రోఫైబర్ పోగుల్లో కాల్షియం పేరుకుంటుంది. స్టీలు బకెట్ అంచున పట్టే తెల్ల చారే గుడ్డ లోపలా పడుతుంది. ఆరిన గుడ్డని గుప్పిట్లో నలిపి వదలండి. మెత్తగా విచ్చుకుంటే బాగున్నట్టు. నలిపిన ఆకారంలోనే బిర్రుగా నిలబడితే దానితో నల్ల కారు ముట్టుకోకండి. దీనికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో 75 గ్రాములు కరిగించి, గుడ్డలు అరగంట నానబెట్టి, జాడించండి. ఆఖరి జాడింపు ఆర్వో నీళ్ళతో అయితే మేలు. చేసిన పనంతా మళ్ళీ బోరు నీళ్ళలో కలపడం ఎందుకు?

రెండోది ఆరేసే చోటు. మేడ మీద దండేనికి వేస్తే గాలికి లేచే ఇసుక నేరుగా పోగుల్లోకి దిగుతుంది. మైక్రోఫైబర్ పట్టుకోవడానికే పుట్టింది, పట్టుకున్నది దులిపితే వదలదు. గదిలోనే ఆరేయండి, ఆరాక మూతున్న డబ్బాలో పెట్టండి. డ్రయ్యర్ వాడితే 60 డిగ్రీలు దాటనివ్వకండి, వేడికి పోగు కొనలు గట్టిపడతాయి. ఇస్త్రీ ఊసే వద్దు.

ఉతకడంలో తప్పులు అందరికీ తెలిసినవే, అయినా జరుగుతూనే ఉంటాయి. ఫ్యాబ్రిక్ కండిషనర్ పోగు చుట్టూ పొర కడుతుంది, గుడ్డ పాలిష్‌ని ఎత్తదు, పులుముతుంది. పొడి సబ్బు చల్లటి ఉప్పునీళ్ళలో పూర్తిగా కరగదు, లిక్విడే వాడండి. కాటన్ బట్టలతో కలిపి వేయొద్దు. టైర్లకీ డోర్ గడపలకీ వాడిన గుడ్డ ఎంత తెల్లగా ఉతికినా పెయింట్ గుడ్డల్లోకి తిరిగి రాకూడదు. రంగులు విడగొట్టుకుంటే గొడవ ఉండదు. లేబుల్ కుట్టిన గుడ్డలు కొనకండి. కొన్నవాటికి ఉంటే లేబుల్‌తో పాటు కుట్టు దారం కూడా తీసేయండి. గీసేది ఎక్కువగా ఆ దారమే.

పాలిష్ ఎత్తడానికి 70-30 మిశ్రమంలో (70 పాలియెస్టర్, 30 పాలియమైడ్), అంచు కుట్టు లేని, 350 నుంచి 400 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) గుడ్డ సరిపోతుంది. నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. మురికైన ముఖం తిప్పేయడమే, దాంతోనే ఇంకో చోట తుడవొద్దు. ఎస్-క్లాస్ లాంటి పెద్ద సెడాన్‌కి 15 నుంచి 20 గుడ్డలు పక్కన పెట్టుకోండి. నాలుగు గుడ్డలతో కారంతా లాగించేస్తాం అనేవాళ్ళ దగ్గరే ఈ సమస్య ఎక్కువ.

గుడ్డ మంచిదైనా తుడిచే తీరు పాడైతే ఫలితం అదే. ఎండిపోయిన పాలిష్ గీకితే తప్ప రాదు, గీకితే గీత పడుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద బానెట్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, పాలిష్ ప్యాడ్ కిందే పొడైపోతుంది. పొద్దున పూట పని పెట్టుకోండి. ఫ్యాన్ గాలి నేరుగా ప్యానెల్ మీదకి రానివ్వకండి. ఐదంగుళాల ప్యాడ్‌కి శనగగింజంత చుక్కలు మూడు చాలు. తుడిచే ముందు గుడ్డ మీద పానెల్ వైప్ ఒక్కసారి స్ప్రే చేసి, ప్యానెల్ మీద ఇంకోసారి స్ప్రే చేసి, అర నిమిషం ఆగండి. చేతి బరువు కూడా పూర్తిగా వేయకుండా ఒక దిక్కులో లాగి, ఎత్తి, ముఖం తిప్పండి. వృత్తాలుగా రుద్దే అలవాటు మానుకోండి. ఒక దిక్కులో తుడిస్తే, తేడా వచ్చినా ఎవరి వల్ల వచ్చిందో గీతే చెబుతుంది.

మిగతా లక్షణాలు, గబగబా

డీఏ హేజ్ ఉంటే మెత్తటి ఫోమ్ ఫినిషింగ్ ప్యాడ్, మెంజెర్నా 3800 లేదా మెగ్వయర్స్ ఎం205 లాంటి సన్న పాలిష్, మెషీన్ స్పీడ్ 3-4. నాలుగు పాస్‌లు మామూలు ఒత్తిడితో, చివరి రెండూ మెషీన్ బరువుతోనే. ఒక్కో సెక్షన్ అయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తోనో గాలితోనో శుభ్రం చేయాలి. ఇది చేయకపోతే పైన చెప్పిందంతా దండగ. హోలోగ్రామ్‌కీ ఇదే మందు. రోటరీతో ఫినిష్ చేయగలమనే ధీమా నల్ల కార్ల దగ్గర పనికిరాదు.

కారంతా బాగుండి ఒక్క డోర్ మీదే గీతలు, మసక వస్తుంటే ఆ డోర్ రీపెయింట్ అయి ఉండొచ్చు. ఫ్యాక్టరీలో పెయింట్ సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుతుంది, బాడీ షాపులో 60 దగ్గర. అందుకే రీపెయింట్ మెత్తగా ఉంటుంది. మెర్సిడెస్ 2003 చివరి నుంచి గట్టి సిరామిక్ క్లియర్ కోట్ వాడుతోందని గుర్తుపెట్టుకుని కారంతా కాంపౌండ్‌తో దున్నేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టండి. చుట్టూ 100-150 మైక్రాన్లు చూపిస్తూ అక్కడ 200 దాటితే రీపెయింటే, ఆ డోర్‌కి విడిగా టెస్ట్ స్పాట్ (ముందు చిన్న చోట పాలిష్ చేసి చూడటం) చేయండి. రేంజ్ రోవర్ లాంటి అల్యూమినియం బాడీ మీద ఇనుముకి మాత్రమే పనిచేసే మీటర్ ఏమీ చూపించదు. మీటర్ పాడవలేదు, రెండు లోహాలకీ పనిచేసేది కొనాలి.

గోరు పెడితే తగిలే గీత పాలిష్‌కి పోదు. అంచులు గుండ్రం చేసి వదిలేయండి, ఓనర్‌కి ముందే చెప్పండి. తోకల్లా మెలి తిరిగిన గీతలు ప్యాడ్‌లోనో సాండింగ్ పేపర్‌లోనో ఇరుక్కున్న రేణువువి. ప్యాడ్ మార్చి ఆ చోటు మళ్ళీ చేస్తే చాలు. బోరు నీళ్ళ మచ్చలకి ముందు వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి ఒక నిమిషం ఉంచి కడిగేయండి. అప్పటికీ గుంట కనిపిస్తే అది పెయింట్‌ని తినేసిన మచ్చ, పాలిష్‌కి తగ్గితే తగ్గింది.

సిరామిక్ కోటింగ్ వేశాక గీతలు కనిపించాయా? కోటింగ్ కింద ఉన్న గీత కోటింగ్ తీస్తే తప్ప పోదు, మళ్ళీ పాలిష్ దగ్గర్నుంచే. డెలివరీ అయిన నెలకి కనిపిస్తే మీ పని కాకపోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో రోజూ పొద్దున్నే ఎవరో పొడి గుడ్డతో దుమ్ము తుడుస్తుంటారు. ఆ తుడుపు ఆపించమని, దుమ్ము ఉంటే ఉండనిమ్మని, వారానికోసారి నీళ్ళు కొట్టి రెండు బకెట్లతో కడిగించమని బిల్లు మీదే రాసివ్వండి.

పెయింట్‌లో బుడగలు, క్లియర్ కోట్ పొరలుగా లేవడం, లోపలి సాండింగ్ గీతలు బయటపడటం అరుదు. అవి వచ్చినప్పుడు మెషీన్ పక్కన పెట్టి బాడీ షాపుకి పంపేయండి.