ఈ-రీడర్‌లో ఒకే రచయిత రెండుసార్లు కనిపిస్తుంటే

పుస్తకాలు వంద లోపు ఉన్నంత కాలం ఈ-రీడర్‌తో పెద్దగా పేచీ ఉండదు. వెయ్యి దాటాక మాత్రం వరుస తప్పిన పేర్లు, రెండేసి చోట్ల తేలే రచయితలు, ఎంత వెతికినా దొరకని సంపుటాలు మొదలవుతాయి. ఈ-పుస్తకాలను సర్దిపెట్టే కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ వాడకం తెలిసినవారి కోసం రాస్తున్నాను గనుక దాని ఇన్‌స్టాలేషన్ జోలికి వెళ్ళడం లేదు.

ఫైలు పేరు మార్చినా రీడర్‌లో పాత పేరే కనిపిస్తోందన్నది నేను అన్నిటికన్నా ఎక్కువగా విన్న ఫిర్యాదు. రీడర్ చూసేది ఫైలు పేరును కాదు, లోపలి మెటాడేటాను, అంటే ఫైలులో నమోదైన శీర్షిక, రచయిత వంటి వివరాలను. కాలిబర్‌లో ‘ఎడిట్ మెటాడేటా’ తెరిచి శీర్షిక, రచయిత గడులు చూడడానికి అర నిమిషం పట్టదు; ఆ పని చేయకుండా రీడర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఉన్న బుక్‌మార్కులన్నీ పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. గడుల్లో అంతా సరిగానే ఉండి రీడర్‌లో మారలేదంటే, పుస్తకాన్ని కాలిబర్ లైబ్రరీ ఫోల్డరు నుంచి నేరుగా కాపీ చేసి ఉంటారు. దిద్దుబాట్లను కాలిబర్ తన డేటాబేసులో ఉంచుకుంటుందే తప్ప వెంటనే ఈపబ్‌లోకి, అంటే పుస్తకం ఫైలులోకి, ఎక్కించదు. ‘సెండ్ టు డివైస్’ ద్వారా పంపితే అవి ఫైలులోకి కూడా చేరతాయి.

శాస్త్రులు, రావులు అందరూ ఒకే చోట గుమిగూడి, ఇంటిపేరుతో వెతికితే ఎవరూ దొరకకపోతే తప్పు రచయితల వరుసక్రమానిది. పేరులోని చివరి మాటే ఇంటిపేరని భావించి కాలిబర్ దాన్ని ముందుకు తెస్తుంది. అందువల్ల గురజాడ అప్పారావు ‘అప్పారావు, గురజాడ’ అవుతాడు. ప్రిఫరెన్సెస్‌లోని ట్వీక్స్‌లో ఆథర్ సార్ట్ పద్ధతిని ‘కామా’ నుంచి ‘కాపీ’కి మార్చి, కాలిబర్‌ను మూసి తెరిచి, ‘మేనేజ్ ఆథర్స్’లో వరుసక్రమాలన్నిటినీ మళ్ళీ లెక్కించమనాలి. ఈ చివరి మెట్టు మరిచిపోతే పాత పుస్తకాలు పాత వరుసలోనే ఉండిపోతాయి.

ఇక నన్ను నిజంగా ఏడిపించిన సమస్య. ‘కుమార్’తో ముగిసే ఒక రచయిత పేరు నా జాబితాలో పక్కపక్కనే రెండుసార్లు, ఒకచోట 11 పుస్తకాలతోనూ మరోచోట 4 పుస్తకాలతోనూ కనిపించింది. అక్షరం అక్షరం పోల్చాను, ఫాంటు మార్చాను, పుస్తకాలను తీసేసి మళ్ళీ చేర్చాను. ఒక ఆదివారమంతా అలా గడిచిపోయింది. చివరికి ఆ పేరును నోట్‌ప్యాడ్‌లో అతికించి, చివర కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే తెరమీద ఏమీ చెరగలేదు. రెండోసారి నొక్కితేనే పొల్లు పోయి ‘ర్’ కాస్తా ‘ర’ అయింది. అంటే పొల్లు తరువాత కంటికి కనిపించని అక్షరమొకటి ఉంది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. కొన్ని టైపింగ్ పరికరాలు పదం చివరి పొల్లు తరువాత కూడా దాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. కంటికి రెండూ ‘కుమార్’లే, కంప్యూటరుకు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. సిరీస్ పేర్లు, ట్యాగులు విడిపోవడానికీ తరచుగా ఇదే కారణం.

పరిష్కారం సులభం. ‘మేనేజ్ ఆథర్స్’లో తప్పు పేరును పూర్తిగా చెరిపి, సరైనదాన్ని కాపీ చేసి అక్కడ అతికిస్తే కాలిబర్ రెండింటినీ కలిపేస్తుంది, ఆ పుస్తకాలను రీడర్‌కు మళ్ళీ పంపాలి. అయితే ఆ అక్షరాన్ని సంగ్రహమంతటా ఒక్క దెబ్బతో తుడిచేయాలనుకోకండి. పదం మధ్యలో దాని అవసరం ఉంది. అక్కడ తీసేస్తే ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అవుతుంది. పదం చివర ఉన్నవాటినే తీయాలి.

శీర్షికలో సంపుటం సంఖ్య రాసుకునేవారికి 1 తరువాత 10 వస్తుంటే, 01, 02 అని రాస్తే సరిపోతుంది. కేబుల్ ద్వారా కిండిల్‌కు ఎక్కించిన పుస్తకం అసలు కనిపించకపోతే అది ఈపబ్ అయి ఉంటుంది. కిండిల్ చదవగల ఏజెడ్‌డబ్ల్యూ3 రూపంలోకి మార్చి పంపండి. మెమరీ పాడైందన్న అనుమానం పదిలో తొమ్మిదిసార్లు వట్టిదే. వందల పుస్తకాలు ఒక్కసారిగా ఎక్కించిన రోజున వెతుకులాటలో ఏదీ దొరకకపోతే ఇండెక్సింగ్, అంటే వెతకడానికి వీలుగా రీడర్ సూచిక తయారుచేసుకోవడం, ఇంకా పూర్తి కాలేదని అర్థం. రీడర్‌ను చార్జింగ్‌కు పెట్టి ఒక రాత్రి వదిలేయండి.