పిల్లల్ని బ్రాడ్‌వే షోకి తీసుకెళ్లే ముందు

న్యూయార్క్‌లో పిల్లల్ని బ్రాడ్‌వే షోకి (అక్కడి పెద్ద థియేటర్లలో ఆడే నాటకానికి) తీసుకెళ్లాలనుకుంటే వయసుతో పాటు ఓపిక కూడా చూడండి. ఉదాహరణకి, సింహాల కథతో ఆడే ‘లయన్ కింగ్’ సంగీత నాటకం విరామంతో కలిపి దాదాపు రెండున్నర గంటలు. ముందు ఇంట్లో ఏదైనా సినిమా పెట్టి, చేతికి ఫోన్ ఇవ్వకుండా గంటా పావు కదలకుండా చూస్తారేమో గమనించండి. చూస్తే ధైర్యంగా బుక్ చేసుకోండి. నాలుగేళ్లలోపు వాళ్లను చాలా థియేటర్లు రానివ్వవు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటామన్నా టికెట్ తీసుకోవాల్సిందే!

అందులో సింహాల రాజు ముఫాసా చనిపోయే సీనుకి చిన్నపిల్లలు జడుసుకోవచ్చు, కథ ముందే చెప్పి ఉంచండి. డబ్బు కాస్త ఎక్కువైనా కింది అంతస్తులో నడవా పక్క సీట్లు తీసుకోండి. మొదటి పాటలో ఏనుగు, పక్షుల బొమ్మలు ఆడిస్తూ నటులు ఆ దారిలోంచే స్టేజీ మీదికి వెళ్తారు, పిల్లలకి అదే పెద్ద సంబరం. నిద్ర టైముకి అడ్డం రాకుండా మధ్యాహ్నం ఆటకే వెళ్లండి.